కిటికీ మూస్తే ఆట పెరగదు

(పల్లె అరుగు – 23)

మొన్న ఒక వాట్సాప్ గ్రూపులో వీడియో ఒకటి తిరిగింది. డాలస్‌లో స్థిరపడిన తెలుగాయన ఒకరు మైకు పట్టుకుని, "అమెరికా వాళ్లకి క్రికెట్ నేర్పింది మనమే, రేపు ఇంటింటికీ తీసుకెళ్లేదీ మనమే" అంటున్నాడు. ముందు వరసలో పట్టుచీరలు, చప్పట్లు. చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. రెండూ ఎందుకొచ్చాయో చెప్పడానికే ఈ భాగం. కొంచెం పెద్దదే. హాస్టల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

ముందు నవ్వు సంగతి. 1844 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని సెయింట్ జార్జ్ క్లబ్బు మైదానంలో అమెరికా, కెనడా జట్లు క్రికెట్ ఆడాయి. రెండు దేశాల జట్ల మధ్య జరిగిన తొలి క్రికెట్ పోటీ అదే. ఇంగ్లండు, ఆస్ట్రేలియా తొలి టెస్టు ఆడింది 1877లో. అంటే అంతకు 33 ఏళ్ల ముందే అమెరికాలో ఈ ఆట ఉంది. ఫిలడెల్ఫియా బౌలర్ బార్ట్ కింగ్ 1908లో ఇంగ్లండు వెళ్లి ఆ సీజను బౌలింగ్ సగటుల్లో అందరికంటే పైన నిలిచాడు. కాబట్టి అయ్యా, మీరు నేర్పడానికి అక్కడ ఎవరూ పలక పట్టుకుని కూర్చోలేదు. వాళ్లకి ఆట తెలుసు, ఆడి మర్చిపోయారు.

ఎందుకు మర్చిపోయారు? అసలు ప్రశ్న ఇది. 2005లో జేసన్ కౌఫ్‌మన్, ఓర్లాండో ప్యాటర్సన్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు దీనిమీద ఒక పరిశోధనా వ్యాసం రాశారు. అందులో వాళ్లు చెప్పింది మన భాషలో చెప్పుకుంటే ఇదీ: అమెరికా పెద్దింటివాళ్లు క్రికెట్‌ని తమ క్లబ్బుల్లో దాచుకున్నారు, తమ పిల్లలకీ తమ బంధువులకీ తప్ప మిగతావాళ్లకి అందనివ్వలేదు. అదే కాలంలో బేస్‌బాల్‌ని వ్యాపారులు వీధివీధికీ తీసుకెళ్లారు. దానికితోడు 1909లో లండన్‌లో ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ పుట్టినప్పుడు అందులో చోటు సామ్రాజ్యం లోపలి దేశాలకే. అమెరికా బయటే ఉండిపోయింది. లోపల క్లబ్బు గోడ, బయట సామ్రాజ్యం గోడ. మధ్యలో ఆట ఊపిరాడక పోయింది.

ఇంకా సూటిగా చెప్పాలంటే అమెరికాలో క్రికెట్ ఒకసారి అగ్రహారమై చచ్చిపోయింది. ఇప్పుడు మనవాళ్లు దాన్ని మళ్లీ బతికిస్తామంటూ కడుతున్నది ఇంకో అగ్రహారం. నాకు కోపమొచ్చింది అక్కడే.

నా సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను.

2003 ప్రపంచకప్. నాకు పద్నాలుగేళ్లు. మార్చి 1న పాకిస్తాన్‌తో మ్యాచ్. మా పల్లెలో టీవీ లేదు. ఊళ్లో ఒక పెద్దింట్లో కలర్ టీవీ ఉండేది. ప్రహరీ పక్కన సందులో నిలబడితే కిటికీలోంచి తెర సగం కనిపిస్తుంది. ఆ సగం తెరకోసం పల్లెనుంచి తొమ్మిదిమందిమి వెళ్లాం. అక్తర్ బౌలింగులో సచిన్ సిక్సర్ కొట్టినప్పుడు లోపల వాళ్లు అరిచారు, బయట మేమూ అరిచాం. మా అరుపు లోపలికి వినపడ్డాక ఒకామె వచ్చి కిటికీ రెక్కలు మూసేసింది. తిట్టలేదు. మా వైపు చూడను కూడా చూడలేదు. దోమలు వస్తాయని సాయంత్రం పూట మూస్తామే, అలా మూసింది.

ఆ నెలలోనే మా చిన్నాన్న, కూలి డబ్బులు పోగేసి, చీరాలనుంచి పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ ఒకటి తెచ్చాడు. వెదురుబొంగుకి యాంటెన్నా కట్టి పూరిల్లు మీద నిలబెట్టాం. కేబులు లేదు, నెలనెలా కట్టే బాధ లేదు. దూరదర్శన్ వచ్చింది. ఫైనల్ రోజు మా ఇంటిముందు పల్లె మొత్తం కూర్చుంది. ముసలమ్మలు కూడా వచ్చారు. ఆస్ట్రేలియా 125 పరుగుల తేడాతో ఓడించింది, ఏడ్చాం. అయినా ఆ రాత్రి నాకు సంతోషమే గుర్తు. మా ఏడుపు మేం మా ఇంటిముందు ఏడ్చాం. కిటికీ మూసేవాళ్లు ఎవరూ లేరు.

సాహిత్యం పాఠం చెప్పేవాణ్ని కాబట్టి ఒక మాట. జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని కాశీకి పంపుతాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. క్లాసులో ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు ఆ వెదురుబొంగు గుర్తొస్తుంది. గాల్లో వచ్చే సిగ్నలు మా గబ్బిలం. కాకపోతే అది తిరుగుదారి పట్టింది. మేం పోలేని చోటినుంచి అదే మా దగ్గరికి వచ్చింది. ఊరు దాటేటప్పుడు అది ఎవరి ఇంటిపేరూ అడగలేదు.

ఇప్పుడు డాలస్‌కి వద్దాం.

నా పాత విద్యార్థి ఒకడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మా పక్క మండలం వాడే, మా పల్లెలాంటి పల్లెనుంచే వెళ్లాడు, నెత్తిన అప్పుతోనే వెళ్లాడు. కాలేజీ జట్టుకి ఎడమచేతి స్పిన్ వేసేవాడు. వెళ్లిన కొత్తలో ఆదివారాలు ఆడే తెలుగువాళ్ల జట్టు ఒకటుందని తెలిసి మైదానానికి పోయాడు. "సార్, బౌలింగా బ్యాటింగా అని అడుగుతారనుకున్నా. ఏ ఊరు అన్నారు. చెప్పా. ఇంటిపేరు అన్నారు. చెప్పా. 'ఓహో' అన్నాడు ఒకాయన. ఆ తర్వాతి వారం నాకు మెసేజ్ రాలేదు. అడిగితే జట్టు నిండిపోయింది అన్నారు." ఆ 'ఓహో' ఏంటో మనలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పద్నాలుగు వేల కిలోమీటర్లు విమానంలో పోయినా అలసిపోని మాట అది.

2024 జూన్ 6. టీ20 ప్రపంచకప్‌లో అమెరికా, పాకిస్తాన్ మ్యాచ్ డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో జరిగింది. చూశారుగా మీరంతా. రెండు జట్లూ 159 దగ్గర ఆగాయి. సూపర్ ఓవర్లో అమెరికా 18 చేసింది. ముంబైలో పుట్టి, పై చదువుకి అమెరికా వెళ్లి, ఒరాకిల్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న సౌరభ్ నేత్రావల్కర్ బంతి పట్టుకుని పాకిస్తాన్‌ని 13 దగ్గర కట్టేశాడు. ప్రపంచకప్పుల చరిత్రలోనే పెద్ద సంచలనాల్లో ఒకటి. మావాడు ఆ రోజు ఇంటినుంచి పని చేసుకుంటూ, నెలకి పది డాలర్ల దాకా చందా కట్టిన ఛానెల్లో ఒంటరిగా చూశాడు. చివరి బంతికి అరిచిన అరుపుకి పక్క ఫ్లాటునుంచి ఒక పిల్లాడు వచ్చి తలుపు కొట్టాడు. మెక్సికోనుంచి వచ్చిన కుటుంబం వాళ్లది, తండ్రి ఇళ్ల కప్పులు వేసే పని చేస్తాడు. పన్నెండేళ్ల పిల్లాడు, స్కూల్లో బేస్‌బాల్ ఆడతాడు. ఏమైందో అని భయపడి వచ్చాడు.

మావాడు లోపలికి పిలిచి సోఫాలో కూర్చోబెట్టి సూపర్ ఓవర్ మళ్లీ వేసి చూపించాడు. బౌలరు పరిగెత్తుకొచ్చి వేస్తాడని, బంతి నేలమీద పడి లేవొచ్చని, కొట్టినా పరిగెత్తి తీరాలని లేదని చెప్పాడు. పిల్లాడికి పావుగంటలో అర్థమైంది. గెలిచింది తన దేశమని, అదీ తన ఇంటికి దగ్గర్లోనేనని తెలిశాక వాడు ఒకే ప్రశ్న అడిగాడట: "మా టీవీలో ఏ ఛానెల్లో వస్తుంది?"

మావాడి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే వాళ్ల టీవీలో ఏ ఛానెల్లోనూ రాదు.

మిత్రులారా, ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఒక దేశం జట్టు సొంతగడ్డమీద అంత పెద్ద గెలుపు గెలిచింది. ఆ మైదానం ఉన్న ఊరి పిల్లాడికి అది పక్కింటి అరుపుగా మాత్రమే తెలిసింది. దీన్ని ఆట పెరగడం అంటారా?

ఎవరి చేతిలో ఉందో చూడండి. అమెరికాలో పెద్ద క్రికెట్ చాలావరకు వచ్చేది విల్లో అనే చందా ఛానెల్లో. దాని యజమాని మన దేశపు టైమ్స్ సంస్థే. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది. ఆరు జట్లు. అందులో నాలుగింటి వెనక ఐపీఎల్ యజమానులున్నారు. ముంబై వాళ్లు న్యూయార్క్‌లో, చెన్నై వాళ్లు టెక్సస్‌లో, కోల్‌కతా వాళ్లు లాస్ ఏంజిలిస్‌లో, ఢిల్లీ జట్టులో వాటా ఉన్న మన జీఎంఆర్ వాళ్లు సియాటిల్‌లో. సియాటిల్ జట్టు పెట్టుబడిదారుల్లో మన హైదరాబాదు సత్య నాదెళ్ల కూడా ఉన్నారు. తెలుగువాళ్ల పేరు మోగుతోందని ఛాతీ విరుచుకునేవాళ్లు విరుచుకోండి. నేను అడిగేది ఒక్కటే. ఇంత డబ్బు, ఇంత తెలివి, ఇంత సాంకేతికత ఒకచోట చేరాక కూడా, పక్క ఫ్లాటు పిల్లాడికి ఒక ఛానెల్ నంబరు ఎందుకు ఇవ్వలేకపోతున్నారు?

వాళ్ల లెక్క నాకు తెలుసు. దక్షిణాసియానుంచి వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. జీతాలు బాగుంటాయి. ఎంత చెప్తే అంత కడతారు. ఇంటిబెంగ ఉన్నవాడి దగ్గర డబ్బు రాబట్టడం తేలిక. కొత్తవాణ్ని తేవాలంటే ఖర్చు, ఓపిక కావాలి. అందుకని ఉన్నవాడినే పిండుతున్నారు. వ్యాపారంగా ఇది తెలివే కావచ్చు. కానీ దానికి 'అమెరికాలో క్రికెట్ ప్రచారం' అని పేరు పెట్టి సన్మానాలు చేసుకోకండి. అయినవాళ్ల ఇంట్లో భోజనం పెట్టి ఊరందరికీ పెట్టామని చెప్పుకున్నట్టుంది.

"ఉచితంగా చూపిస్తే వ్యాపారం మునుగుతుంది" అంటారు. ఇది పాత భయం, అమెరికాలోనే పుట్టిన భయం. 1930లలో బేస్‌బాల్ యజమానులు రేడియోని చూసి వణికారు. ఇంట్లో కూర్చుని ఉత్తపుణ్యానికి వింటే మైదానానికి ఎవడొస్తాడన్నారు. న్యూయార్క్‌లోని మూడు జట్లు కూడబలుక్కుని అయిదేళ్లపాటు తమ ఆటల్ని రేడియోలో రానివ్వలేదు. అదే కాలంలో షికాగో కబ్స్ యజమాని రిగ్లీ రేడియోకి తలుపులు బార్లా తీశాడు. విన్న జనం, ముఖ్యంగా ఆడవాళ్లు, మైదానానికి కట్టలు కట్టుకుని వచ్చారు. చివరికి 1939లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఒప్పందాన్ని పక్కకు నెట్టి రెడ్ బార్బర్ అనే వ్యాఖ్యాతని తెచ్చుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత, 1947లో, జాకీ రాబిన్సన్ నల్లజాతి ఆటగాడిగా ఆ రంగు గోడ బద్దలుకొట్టింది ఇదే జట్టులో. అప్పటికి రేడియో ఇంటింటా ఉంది. ఆయన ఆటని జనం రేడియోలో విన్నారు.

అదే డాడ్జర్స్ తర్వాత లాస్ ఏంజిలిస్‌కి మారింది. అక్కడి కథ మనకి ఇంకా దగ్గరిది. ఇప్పుడు వాళ్ల స్టేడియం ఉన్న కొండ చావెజ్ రవీన్. అక్కడ మెక్సికన్ మూలాల పేద కుటుంబాలుండేవి. ఇళ్ల పథకం అని చెప్పి వాళ్లని ఖాళీ చేయించారు, పథకం ఎత్తేశారు, చివరికి ఆ భూమి బేస్‌బాల్ జట్టు చేతికెళ్లింది. 1959లో ఆఖరి కుటుంబాలని పోలీసులు ఈడ్చి బయట పడేశారు. మన దగ్గర భూసేకరణ చూసినవాళ్లకి ఇందులో కొత్తేం లేదు. ఆ కోపం పెట్టుకుని ఆ జనం ఆ జట్టు మొహం చూడకూడదు. కానీ అదే 1959లో హైమే హరీన్ అనే ఈక్వడార్ మనిషి ఆ జట్టు ఆటల్ని స్పానిష్‌లో చెప్పడం మొదలుపెట్టాడు. 2022 దాకా చెప్పాడు. 1981లో ఫెర్నాండో వాలెన్సువేలా అనే మెక్సికన్ కుర్రాడు బంతి పట్టేనాటికి, వినే చెవులు ఇరవై ఏళ్లుగా సిద్ధంగా ఉన్నాయి. స్టేడియం నిండిపోయింది. భూమి పోయిన గాయం దాంతో మానిందని నేననను. జనం భాషలో, జనానికి అందే రేడియోలో చెప్తే ఆట ఎంత దూరం పోతుందో చెప్తున్నా, అంతే.

ఇంగ్లండు కథ దీనికి తలకిందులు. 2005 యాషెస్ ఛానెల్ ఫోర్‌లో ఉచితంగా వచ్చింది. పతాకస్థాయిలో ఒకేసారి 84 లక్షలమంది చూశారు. ఆ మరుసటి ఏడునుంచి హక్కులు స్కై అనే చందా సంస్థకి పోయాయి. 2009 యాషెస్ కూడా ఇంగ్లండే గెలిచింది, కానీ పతాకస్థాయి చూపరులు 19 లక్షలే. బోర్డుకి డబ్బు వచ్చింది, నిజమే. పిల్లలు పోయారు. ఆట డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడుల్లోకి ఇంకా ముడుచుకుంది. 2023లో అక్కడి స్వతంత్ర కమిషన్ ఇచ్చిన నివేదిక ఇంగ్లండు క్రికెట్‌లో జాతివివక్ష, వర్గవివక్ష, స్త్రీలపట్ల వివక్ష లోతుగా పాతుకున్నాయని తేల్చింది. ఈ పాపాలన్నీ చందా ఛానెల్ మీద రుద్దను. కానీ గోడలున్న ఇంట్లో ఉన్న ఒక్క కిటికీ కూడా మూస్తే ఏమవుతుందో అక్కడ కనిపిస్తుంది. 2019లో సొంతగడ్డమీద ప్రపంచకప్ ఫైనల్ చేరాక, స్కై వాళ్లే ఆ ఒక్క మ్యాచ్‌ని ఉచిత ఛానెల్‌తో పంచుకోవాల్సి వచ్చింది. చేసిన తప్పు వాళ్లకీ తెలుసు.

మన దేశంలో ఈ విషయంమీద చట్టమే ఉంది. 1995లో బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం ఉన్న ఆటల సిగ్నల్‌ని ప్రైవేటు ఛానెళ్లు ప్రసారభారతితో పంచుకోవాలి. మా చిన్నాన్న వెదురుబొంగు కట్టిన నాలుగేళ్లకి వచ్చింది ఈ చట్టం. అలాంటి వెదురుబొంగుకి ఆట అందడం ఎవరి దయాగుణమూ కాదు, హక్కు. ఇప్పుడది కూడా మెల్లగా జారుతోంది. ఐపీఎల్ 2023లో జియో సినిమాలో ఉచితం. 2025కి వచ్చేసరికి అదే ఆటకి చందా అడిగారు. మొదట ఊరికే పోసి అలవాటు చేసి, తర్వాత సీసాకి ధర చెప్పే సారా కొట్టు పద్ధతి ఇది. అమెరికాలో కిటికీ మూసే చేతులూ ఇక్కడ మూసే చేతులూ వేరువేరు కాదు. అందుకే డాలస్ గురించి ఒంగోలులో కూర్చుని రాస్తున్నాను.

'అందుబాటు' అనే మాటని కూడా సరిగ్గా అర్థం చేసుకుందాం. ధర తగ్గిస్తే సరిపోదు.

ఒకటి, డబ్బు. కనీసం అమెరికా జట్టు ఆడే ప్రతి మ్యాచ్, లీగ్ ఫైనల్, వారానికొక ఆట, యాంటెన్నాతో వచ్చే ఉచిత ఛానెల్లో రావాలి. మిగతాది అమ్ముకోండి.

రెండు, వివరణ. క్రికెట్ వ్యాఖ్యానం తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకి చెప్పుకునే ముచ్చట. 'సిల్లీ పాయింట్' అంటే ఆ పిల్లాడికి ఏం తెలుస్తుంది? 2013లో ఎన్‌బీసీ ఇంగ్లండు ఫుట్‌బాల్‌ని అమెరికాలో చూపించడం మొదలుపెట్టినప్పుడు ఏం చేసిందో చూడండి. కొన్ని ఆటల్ని ఉచిత ఛానెల్లో వేసింది. టెడ్ లాసో అనే ఏమీ తెలియని అమెరికన్ కోచ్ పాత్రని పెట్టి సరదా ప్రకటనలు తీసింది. తెలియకపోవడం సిగ్గుపడాల్సిన విషయం కాదు, రండి అని నవ్వుతూ పిలిచింది. మనవాళ్లకి ఆ పిలుపు రాదు. తెలియనివాణ్ని చూస్తే వేదం వినకూడనివాణ్ని చూసినట్టు చూస్తారు. అలవాటు అలాంటిది.

మూడు, భాష. హిందీ, తెలుగు, తమిళ వ్యాఖ్యానాలంటే పరిగెత్తుతారు. మంచిదే, ఉండాలి. కానీ అమెరికాలో బేస్‌బాల్ రక్తంలో ఉన్న లక్షలాది కుటుంబాల భాష స్పానిష్. కర్రతో బంతిని కొట్టే ఆట వాళ్లకి సగం ఇప్పటికే తెలుసు. వాళ్లని వదిలేసి ఎవరిని పెంచుతారు?

నాలుగు, చూపు, వినికిడి. చెవిటివాళ్లకి తెరమీద అక్షరాలు, చూపులేనివాళ్లకి మంచి రేడియో వ్యాఖ్యానం. 2025 నవంబరులో కొలంబోలో మన దేశపు అంధ మహిళల జట్టు వాళ్ల తొలి టీ20 ప్రపంచకప్ గెలిచింది. శబ్దం చేసే బంతిని చెవితో పట్టి ఆడే ఆట అది. చూపులేనివాళ్లకి క్రికెట్ అక్కర్లేదని ఇక ఎవరూ అనలేరు. రేడియో వ్యాఖ్యానానికయ్యే ఖర్చు టీవీతో పోలిస్తే ఎంత? దాన్ని ఉచితంగా ఇవ్వడానికి ఏ యజమాని ఆస్తి కరిగిపోతుంది?

ప్రసారం తెరిస్తే చాలా? చాలదు. తెర మీద చూసిన పిల్లాడు బంతి పట్టుకుని బయటికొస్తే, మైదానం దగ్గర ఇంకో గోడ ఉండకూడదు.

2024 ప్రపంచకప్ కోసం మొదట న్యూయార్క్ బ్రాంక్స్‌లోని వాన్ కోర్ట్‌లాండ్ పార్కులో 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియం కడదామనుకున్నారు. ఎదురు తిరిగినవాళ్లలో అక్కడ ఎన్నో ఏళ్లుగా వారాంతాల్లో ఆడుకునే క్రికెటర్లే ఉన్నారు. మా మైదానం లాక్కుని మా ఆటని ఏం ఉద్ధరిస్తారన్నారు. చివరికి స్టేడియం నాసా కౌంటీకి పోయింది. భారత్, పాకిస్తాన్ ఆడాయి, ఖరీదైన సీట్లు వేల డాలర్లకి అమ్మారు, అయిపోగానే ఇనుము విప్పి పట్టుకుపోయారు. మన ఊళ్లో జాతర పందిరికైనా గుంజల గుంటలు మిగులుతాయి.

అసలు అమెరికాలో క్రికెట్‌ని ఇన్నాళ్లు బతికించినవాళ్లు ఎవరు? కరీబియన్ దీవులనుంచి వచ్చిన నల్లవాళ్లు, గయానానుంచి వచ్చినవాళ్లు. న్యూయార్క్ క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్‌కి పోతే గయానా కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్ల ముత్తాతలు 1838నుంచి 1917 దాకా మన దేశంనుంచి చెరకుతోటలకి కూలి ఒప్పందంమీద ఓడల్లో పోయినవాళ్లు. మద్రాసు రేవునుంచి పోయిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగు కూలీలూ ఉన్నారు. అక్కడ వాళ్లందర్నీ కలిపి 'మద్రాసీలు' అన్నారు. మైకు పట్టుకుని 'క్రికెట్ తెచ్చింది మనమే' అన్న పెద్దమనిషి లెక్కలో ఈ 'మనం' ఉన్నారా? వీసాతో వెళ్లినవాడే తెలుగువాడా? చెరకు నరకడానికి పోయినవాడు కాడా?

2008లో న్యూయార్క్ ప్రభుత్వ బడులు క్రికెట్‌ని అధికారిక పోటీగా చేర్చాయి. ఇలాంటి వలస కుటుంబాల పిల్లలే ఆడారు. లాస్ ఏంజిలిస్ పక్కన కాంప్టన్‌లో 1995లో టెడ్ హేస్, కేటీ హేబర్ ఇల్లులేనివాళ్లతో, పేటల కుర్రాళ్లతో క్రికెట్ జట్టు కట్టారు. ముఠాల తుపాకుల మధ్య పెరిగిన పిల్లలు బ్యాటు పట్టి ఇంగ్లండు దాకా వెళ్లి ఆడొచ్చారు. ఆటని పెంచడం అంటే అది. దానికి మిలియన్ల డాలర్ల వేలం అక్కర్లేకపోయింది.

ఇక కులం. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే, అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. "అమెరికాలో కులం లేదు" అని వీధుల్లోకొచ్చి అరిచింది ఎవరో మీకు తెలుసు. అదే వేసవిలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలైంది, 'అందరి ఆట' అన్నారు. కులం లేదని అరిచిన నోరే ఆదివారం మైదానంలో 'ఓహో' అంటుంది. పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. ఆయన చేతి బంతిని అందరూ పట్టుకున్నారు. ఆయన తాగే టీ మాత్రం పెవిలియన్ బయట, విడిగా మట్టి ముంతలో. కెప్టెన్సీ ఆయనకి ఇవ్వలేదు. నూరేళ్లు దాటింది. ఇప్పుడు మట్టి ముంత పోయింది, రాని వాట్సాప్ మెసేజ్ వచ్చింది.

నాకు తెలుసు, మనలోనే కొందరు అడుగుతారు. "అన్నా, మన హాస్టళ్లలో నీళ్లచారు పోస్తున్నారు, స్కాలర్‌షిప్పులు రావట్లేదు, నువ్వు అమెరికాలో క్రికెట్ ఛానెల్ గురించి రాస్తావా?" అడగాల్సిందే. స్కాలర్‌షిప్పుల మీద ఈ వరుసలో నాలుగు భాగాలు రాశాను, ఇంకా రాస్తాను. కానీ మన పిల్లలు ఇవాళ అప్పులు చేసి టెక్సస్ పోతున్నారు. అక్కడ 'ఇండియా' అంటే ఏంటో, 'తెలుగు' అంటే ఎవరో నిర్ణయించే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో మనం చూడకపోతే, మనవాళ్లు అక్కడ కూడా ప్రహరీ పక్క సందులోనే నిలబడతారు. సంతోషం కూడా ఒక హక్కే తమ్ముడూ. ఆకలితీరాక అడుక్కునే బిచ్చం కాదది.

2028లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది. 1900 పారిస్ తర్వాత ఇదే మళ్లీ. ఆటలు జరిగేది పొమోనాలో. అమెరికాలో ఒలింపిక్స్ ప్రసార హక్కులు ఎన్‌బీసీవి. ఇంకా సమయం ఉంది. అమెరికాలో ఉన్న అంబేడ్కరైట్ మిత్రులకి నా విన్నపం ఇదీ. ఇప్పటినుంచే అడగండి. క్రికెట్‌ని ఉచిత ఛానెల్లో వేయమనండి, స్పానిష్ వ్యాఖ్యానం పెట్టమనండి. మీ ఊరి లీగులు తమ నియమావళిలో కులవివక్ష నిషేధమని ఒక వాక్యం రాసుకోవాలని పట్టుబట్టండి. రాయం అంటే ఎందుకు రాయరో నలుగురిలో అడగండి. కాంప్టన్ కుర్రాళ్లతో, క్వీన్స్ గయానా పిల్లలతో ఆడండి. తెలుగు జట్టు పిలవకపోతే మీ జట్టు మీరు కట్టండి. దానిలో చేరడానికి ఇంటిపేరు అడగొద్దు.

మా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ రోజు ఆ పిల్లాడికి ఛానెల్ నంబరు చెప్పలేకపోయాక, "నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి ఇక్కడ చూడు" అన్నాడట. ఇప్పుడు ఆదివారాలు అపార్ట్‌మెంటు వెనక పార్కింగులో టెన్నిస్ బంతికి టేపు చుట్టి ఆడుతున్నారు. మావాడు, ఆ పిల్లాడు, వాళ్ల అన్న, కింద ఫ్లాటులో ఉండే నల్లజాతి నర్సు కొడుకు, ఒక నేపాలీ కుర్రాడు. పోయిన నెల వీడియో పంపాడు. పిల్లాడు బేస్‌బాల్ పట్టు పట్టి ఊపితే బంతి కంచె అవతల పడింది. స్పానిష్‌లో ఏదో అరిచాడు. మావాడు తెలుగులో అరిచాడు.

"సార్, ఎడమచేతి స్పిన్ మళ్లీ తిరుగుతోంది" అని కింద రాశాడు.

వచ్చే భాగంలో సంక్షేమ హాస్టళ్ల ఆటస్థలాలు ఎటు పోయాయో మాట్లాడుకుందాం. మీ హాస్టల్ మైదానం ఫోటో ఉంటే పంపండి. మైదానం లేకపోతే, లేని ఆ చోటు ఫోటో పంపండి.

జై భీమ్.